ఎంఓయూ ఫొటో సరే, స్టైపెండ్ ఎవరిస్తున్నారు?

పోయిన నెల ఇదే పేజీలో టెన్త్ తర్వాత దారుల గురించి రాస్తూ ఐటీఐ మాట ఒక్క పేరాలో చెప్పి వదిలేశాం, దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అమ్మానాన్నలు రాశారు, ఐటీఐలో పాఠం చెప్పేవాళ్లు రాశారు, ఆటోనగర్ నుంచి ఒక ఓనర్ గారైతే నాలుగు పేజీలు రాశారు. అన్నిట్లో తిరిగి తిరిగి ఒకటే గోల, కాలేజీకీ కంపెనీకీ మధ్య ఒప్పందం (ఎంఓయూ) ఉందంటారు, అది నిజంగా పనికొస్తుందా లేక ఆఫీసు గోడకి తగిలించే ఫ్రేమా అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాం. ఉత్తరాలు కాస్త కుదించాం, పేర్లు వేయలేదు.

ప్రశ్న: మేడమ్, మావాడు టెన్త్ పాసైనాడు, మార్కులు అంతంతమాత్రం. ఇక్కడొక ప్రైవేటు ఐటీఐ వాళ్లు ఇంటికొచ్చి "మాకు కార్ల ఫ్యాక్టరీతో టైఅప్ ఉంది, కోర్సు అయిపోతానే ఉద్యోగం" అంటున్నారు. ఎంఓయూ కాగితం ఫొటో కూడా చూపించినారు. నమ్మచ్చా?
– ఒక తండ్రి, హిందూపురం

జవాబు: కాగితం నిజమే అయ్యుండొచ్చు అన్నగారూ, కానీ ఎంఓయూ రాసుకోడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చాలావాటిలో ఇద్దరం సహకరించుకుంటాం అన్న మాట తప్ప ఎవరు ఎంత డబ్బు పెట్టాలి, ఎంతమందిని తీసుకోవాలి అన్న ముక్క ఉండదు. కాబట్టి ఆ ఫొటో పక్కన పెట్టి వాళ్లని నేరుగా అడగండి, మావాడు ఫ్యాక్టరీలో ఎన్ని నెలలుంటాడు, ఆ నెలల్లో స్టైపెండ్ ఎవరిస్తారు, ఏ అకౌంట్ నుంచి పడుతుంది, పోయిన బ్యాచ్‌లో ఆ ఫ్యాక్టరీలో చేరిన పిల్లలతో మాట్లాడిస్తారా అని. మొదటి మూడింటికి జవాబు తడుముకుంటూ చెప్పినా, చివరిదానికి "తర్వాత చూద్దాం లెండి" అన్నా మీకు విషయం అర్థమైపోతుంది.

టైఅప్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ లోపల చాలా తేడాలున్నాయి. ఏడాదికోసారి బస్సులో తీసుకెళ్లి ఫ్యాక్టరీ చూపించి తీసుకొచ్చేదీ టైఅపే, చివర్లో కంపెనీ హెచ్‌ఆర్ వచ్చి ఇంటర్వ్యూ పెట్టేదీ టైఅపే. అసలైనది డ్యూయల్ సిస్టమ్ ఆఫ్ ట్రైనింగ్ అని ఒకటుంది, డీఎస్‌టీ అంటారు, అందులో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి రెండేళ్ల ట్రేడ్‌లో ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా పిల్లాడు ఫ్యాక్టరీ లోపలే నేర్చుకుంటాడు, మిగతాది ఐటీఐలో. మీ వాళ్లది డీఎస్‌టీ బ్యాచేనా అని ఆ పేరు పెట్టే అడగండి.

ఇంకో మాట. మీకు దగ్గర్లోనే పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ప్లాంట్ ఉంది, 2017లో ఒప్పందం అయింది, 2019లో కార్లు బయటికొచ్చాయి, ఏడాదికి 3 లక్షల కార్లు చేసే కెపాసిటీ. అది చూసి ఆ చుట్టుపక్కల పిల్లలందరికీ కారు తయారుచేయాలనే ఉంటుంది. కానీ ఇలాంటి ప్లాంట్లలో బాడీ వెల్డింగ్ చాలావరకు రోబోలే చేసేస్తాయి. మనిషి కావాల్సింది ఆ రోబో ఆగిపోయినప్పుడు ఎందుకాగిందో పట్టుకోడానికి, అంటే మెయింటెనెన్స్‌లో. అందుకని ఏ కంపెనీ అన్నదానికంటే ఏ ట్రేడ్ అన్నది ముందు చూడండి, ఎలక్ట్రీషియనో ఫిట్టరో గట్టిగా చదివితే కార్ల కంపెనీ కాకపోతే ఇంకోటి. ఐటీఐతో చదువు ఆగిపోతుందన్న భయం కూడా వద్దు, బ్రిడ్జి కోర్సు చేసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు, అక్కణ్ణుంచి డిప్లొమా వాళ్లకి పెట్టే ఎంట్రన్స్ ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు, ఆ దారిలో వెళ్లినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు.

ప్రశ్న: ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు లోకల్ వాళ్లకే అని చట్టం చేసినారు కదా, మరి మాకెందుకు రావట్లేదు?
– ఒక నిరుద్యోగి, పెనుకొండ

జవాబు: చట్టం చేసిన మాట నిజమే, 2019లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ పాస్ చేసింది. దాని మీద హైకోర్టులో కేసు పడింది. అలాంటి చట్టమే హర్యానా చేస్తే 2023 నవంబర్‌లో అక్కడి హైకోర్టు కొట్టేసింది కూడా. కాబట్టి దాన్ని పట్టుకుని కూర్చుంటే లాభం లేదు తమ్ముడూ. అయితే ఆ చట్టంలో ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక ముక్క ఉంది, సరిపడా అర్హత ఉన్నవాళ్లు లోకల్‌గా దొరక్కపోతే కంపెనీ ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలోపు వాళ్లకి ట్రైనింగ్ ఇచ్చి తీసుకోవాలి అని. నా లెక్కలో 75 కంటే ఈ ముక్కే ముఖ్యం, ఎందుకంటే కోటా రాసినంత మాత్రాన సీఎన్‌సీ, అంటే కంప్యూటర్‌తో నడిచే మిషన్, నడిపేవాడు పుట్టుకురాడు, కోటా లేకపోయినా పక్క ఊళ్లో పనొచ్చినవాడు దొరికితే ఏ కంపెనీ అయినా వాడినే తీసుకుంటుంది, హాస్టలూ బస్సూ ఖర్చు తగ్గుతుంది కాబట్టి. నువ్వు పెద్ద ప్లాంట్ గేటు దగ్గరే తిరక్కుండా దానికి సీట్లు, బంపర్లు, ప్రెస్ పార్టులు ఇచ్చే వెండార్ కంపెనీల్లో అప్రెంటిస్‌గా చేరే దారి చూడు. అక్కడ పోటీ తక్కువ, పని త్వరగా చేతికొస్తుంది.

ప్రశ్న: నాది లారీ బాడీ బిల్డింగ్ షెడ్డండి, మొత్తం 35 మంది ఉంటారు. ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లకి వెల్డింగ్, గ్రైండింగ్, షీట్ కటింగ్ అన్నీ నేర్పిస్తాం, ఏడాది తిరిగేసరికి పక్క షెడ్డువాడు రెండు వేలు ఎక్కువిస్తానంటే వెళ్లిపోతారు. ఇంక కాలేజీలతో భాగస్వామ్యం, స్కిల్లు అని మీటింగులకి పిలుస్తారు, నాకేంటి లాభం? నేనెందుకు నేర్పాలి?
– ఒక షెడ్డు ఓనర్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికంటే నిజాయితీగా ఉన్నది మీదే సార్. మీటింగుల్లో ఎవరూ పైకి అనరు గానీ ప్రతి చిన్న ఓనర్ మనసులో ఉన్నది ఇదే. ఒక్కడే నేర్పితే వాడికి నష్టం, నేర్పకుండా ఎగరేసుకుపోయినవాడికి లాభం, దాంతో చివరికి ఎవడూ నేర్పడు, అందరూ కలిసి మంచి వెల్డర్ దొరకట్లేదని ఏడుస్తారు.

దీనికి ఒక మందు ఏంటంటే ఖర్చు అందరి మీదా వేయడం. మన దగ్గరే ఉదాహరణ ఉంది, హైదరాబాద్‌లో న్యాక్, అదే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, 1998లో ప్రభుత్వం, బిల్డర్లు కలిసి పెట్టుకున్నారు. దాని నిధుల్లో పెద్ద వాటా ఎక్కణ్ణుంచి అంటే ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్ల బిల్లుల్లోంచి చిన్న వంతు కోసేవారు. తాపీ, ప్లంబింగ్, వైరింగ్ నేర్చుకున్నవాడు ఏ కాంట్రాక్టర్ దగ్గర చేరినా ఫరవాలేదు, ఖర్చు అందరిదీ కాబట్టి ఎవరికీ కడుపుమంట లేదు. మీ ఆటోనగర్ అసోసియేషన్ ఇలాంటిది చేయగలదు, ఒక ఉమ్మడి ట్రైనింగ్ షెడ్డు, థియరీకి దగ్గర్లోని ఐటీఐ, ప్రాక్టికల్‌కి వంతులవారీగా ఒక్కో షెడ్డు మేస్త్రి.

రెండోది చట్టం. 1961 నాటి అప్రెంటిసెస్ యాక్ట్ ఇంకా ఉంది, 2019లో రూల్స్ మార్చారు. కాంట్రాక్టు వాళ్లతో కలిపి 30 మంది, అంతకుపైన ఉన్న ప్రతి సంస్థా మొత్తం సంఖ్యలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాల్సిందే. మీ 35 మందికి లెక్కేస్తే ఒక్కరిని తీసుకున్నా చట్టం సరిపోతుంది, ఐదుగురి దాకా తీసుకోవచ్చు. ఆ రూల్స్ ప్రకారం కనీస స్టైపెండ్ టెన్త్ పాసైనవాడికి నెలకి రూ.6,000, ఐటీఐ వాడికి రూ.7,000, డిప్లొమాకి రూ.8,000, డిగ్రీకి రూ.9,000. రెండో ఏడు 10 శాతం, మూడో ఏడు 15 శాతం పెంచాలి. ఈ రేట్లు 36 శాతం పెంచాలని 2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది, కాబట్టి కాంట్రాక్టు రాసే రోజున ఉన్న రేటు చూసుకోండి. అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహానికి పెట్టిన న్యాప్స్ స్కీమ్‌లో స్టైపెండ్‌లో పావు వంతు, గరిష్ఠంగా రూ.1,500, కేంద్రం భరిస్తుంది. అప్రెంటిస్‌కి పీఎఫ్, ఈఎస్ఐ కట్టక్కర్లేదు, ట్రైనింగ్ అయ్యాక ఉద్యోగం ఇస్తానని కాంట్రాక్టులో రాయకపోతే ఇవ్వాలన్న బలవంతమూ లేదు.

ఇక రెండు వేల సంగతి. కోపం తెచ్చుకోకండి గానీ, ఏడాది పని నేర్చుకున్నాక వాడు హెల్పర్ కాదు, వెల్డర్. పక్క షెడ్డువాడు ఇచ్చేది వెల్డర్ రేటు, మీరింకా హెల్పర్ రేటు దగ్గరే ఉన్నారు. వాడు పోయాక కొత్తవాణ్ణి వెతికి నేర్పి, వాడు పాడుచేసిన షీట్లూ రాడ్లూ లెక్కేసుకుంటే రెండు వేలు పెంచడమే చవకేమో ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

ప్రశ్న: నేను సర్కారు ఐటీఐల ఏటీఓగ (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్) చేస్తున్న. మా దగ్గర లేత్‌లున్నయి, మిల్లింగ్ మిషన్లున్నయి, సీఎన్‌సీ సుత ఒకటొచ్చింది. గని కంపెనీలోళ్లని పిలిస్తే ఒక్కలు రారు, వచ్చినా శాలువ కప్పించుకొని పోతరు. ఏం జెయ్యాలె?
– వరంగల్ జిల్లా

జవాబు: శాలువా మాట చదివి నవ్వొచ్చింది సార్, తర్వాత బాధేసింది. చాలాచోట్ల ఇదే పరిస్థితి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు సీఎన్‌సీ వస్తుంది, దానికి టూల్స్ కొనడానికి బడ్జెట్ ఉండదు, చెడిపోతుందేమోనని దుప్పటి కప్పి ఉంచుతారు, పిల్లలు దాన్ని చూసి పాసవుతారు.

పైనుంచి ప్రయత్నాలు జరక్కపోలేదు. 2007-08లో దేశంలో 1,396 ప్రభుత్వ ఐటీఐలని పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య) స్కీమ్‌లోకి తీసుకుని ఒక్కోదానికి రూ.2.5 కోట్ల దాకా వడ్డీ లేని అప్పు ఇచ్చారు, ఇన్‌స్టిట్యూట్ మేనేజ్‌మెంట్ కమిటీ అని పెట్టి దానికి ఇండస్ట్రీ మనిషిని ఛైర్మన్ చేశారు. ఆలోచన మంచిదే. కానీ కమిటీ ఛైర్మన్‌కి ఆ ఐటీఐ బాగుపడితే తన ఫ్యాక్టరీకేం ఒరుగుతుందో కనపడనిచోట అది సంతకాల కమిటీగానే మిగులుతుంది, నా అభిప్రాయం ఇది. మీ ఐటీఐ ఆ స్కీమ్‌లో ఉందేమో చూడండి, ఉంటే కమిటీ ఇంకా బతికుందో లేదో కూడా చూడండి.

పని జరిగిన చోట ఎలా జరిగిందో బాలానగర్ చూస్తే తెలుస్తుంది. 1960ల్లో హైదరాబాద్ చుట్టూ బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, ఐడీపీఎల్ లాంటివి వచ్చాయి, వాటికి టూళ్లూ డైలూ చేసేవాళ్లు కావాల్సొచ్చింది. 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు, మనవాళ్లు సీఐటీడీ అంటారు. టెన్త్ తర్వాత టూల్, డై అండ్ మోల్డ్ మేకింగ్‌లో నాలుగేళ్ల డిప్లొమా ఇప్పటికీ నడుస్తోంది. దాని గొప్ప ఏంటంటే అది ఉత్త కాలేజీ కాదు, బయటి కంపెనీలకి ఆర్డర్ మీద టూల్స్ చేసిచ్చే షాపు కూడా, అంటే పిల్లలు నేర్చుకునే పరిసరాల్లోనే నిజం కస్టమర్ పనీ జరుగుతుంటుంది, మైక్రాన్లలో తేడా వస్తే తిట్టేది లెక్చరర్ కాదు కస్టమర్. ఆ పెద్ద ఫ్యాక్టరీల్లో చేయి తిరిగినవాళ్లే బయటికొచ్చి చిన్న షాపులు పెట్టారు, హెచ్ఎంటీ నుంచి వచ్చినవాళ్లు 1970లో మొదలుపెట్టిన ఎంటార్ ఇవాళ ఇస్రో రాకెట్ ఇంజిన్లకి పార్టులు చేస్తోంది. ఒక ప్రాంతానికి పనితనం అనేది వచ్చేది ఇలాగే, ఫ్యాక్టరీ, కాలేజీ, పక్కన వంద చిన్న షాపులు, మనుషులు ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి పోతూ వస్తూ ఉండటం.

మీరేం చేయొచ్చంటే, పెద్ద కంపెనీని ముఖ్య అతిథిగా పిలవడం మానేయండి. మీ ఊరి చుట్టూ ఉన్న రైస్ మిల్లులు, ట్రాక్టర్ షోరూమ్ సర్వీస్ సెంటర్లు, జిన్నింగ్ మిల్లులు, బోరు మోటార్ రివైండింగ్ షాపులు తిరిగి ఏ పని కోసం వాళ్లు సిటీకి పరిగెత్తుతున్నారో రాసుకోండి. షాఫ్ట్ టర్నింగా, గేర్ కటింగా, ప్యానెల్ బోర్డు వైరింగా? అదే పని మీ వర్క్‌షాప్‌లో పిల్లలతో చేయించి ఇవ్వండి, పర్మిషన్‌కి ప్రిన్సిపాల్ గారితో కాగితం పెట్టించండి. డొనేషన్ అడగొద్దు, వాళ్ల మేస్త్రిని వారానికి ఒక పూట పంపమని అడగండి. ఆ మేస్త్రి కళ్లముందు పని చేసిన పిల్లాణ్ణి ఆయనే రికమెండ్ చేస్తాడు, మీ లెటర్‌హెడ్ అవసరం పడదు.

ప్రశ్న: మా కరీంనగర్‌ల ఐటీఐని ఏటీసీ అంటున్నరు. రోబోటిక్స్ నేర్పిస్తరట. ఫిట్టర్ తీసుకోవాల్నా, ఇది తీసుకోవాల్నా?
– టెన్త్ పాసైన విద్యార్థి

జవాబు: ఏటీసీ అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలని ఇలా మారుస్తోంది, 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేశారు. మొత్తం రూ.2,324 కోట్ల ప్రాజెక్టు, అందులో రాష్ట్రం వాటా రూ.308 కోట్ల దాకా, మిగతాదంతా కంపెనీ వైపు నుంచి. ఇండస్ట్రియల్ రోబోటిక్స్, అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషీనింగ్, ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ లాంటి ఆరు లాంగ్ టర్మ్ కోర్సులు, ఇంకా 23 షార్ట్ టర్మ్ కోర్సులు పెట్టారు.

కోర్సు మంచిదే తమ్ముడూ, పేరు చూసి ఎగిరిపోకు అంతే. చేరే ముందు ఒక పూట అక్కడికి పోయి చూడు, మిషన్లు ఆన్‌లో ఉన్నాయా, నేర్పే సారు ఎవరు, ఒక మిషన్‌కి ఎంతమంది పిల్లలు. ఇంకోటి, మీ చుట్టుపక్కల ఉద్యోగాలు ఎక్కడున్నాయో ఆలోచించు. రామగుండం ఎన్టీపీసీ, సింగరేణి, గ్రానైట్ యూనిట్లు, వీటిలో రోజూ కావాల్సింది ఫిట్టర్లూ ఎలక్ట్రీషియన్లూ వెల్డర్లే. రోబోటిక్స్ చదివితే హైదరాబాదో పుణేనో చెన్నైయో పోవడానికి సిద్ధంగా ఉండాలి, ఉంటే బాగుంటుంది. ఊరు విడవలేని పరిస్థితి అయితే ఫిట్టర్ తీసుకుని ఏటీసీలో షార్ట్ టర్మ్ సీఎన్‌సీ కోర్సు కలుపుకో.

ఇది కేంద్రం కూడా పట్టుకుంది. పీఎం-సేతు అని 1,000 ఐటీఐలకి రూ.60,000 కోట్ల స్కీమ్ 2025లో వచ్చింది, కేంద్రం 30 వేల కోట్లు, రాష్ట్రాలు 20 వేల కోట్లు, ఇండస్ట్రీ 10 వేల కోట్లు. ఇందులో నాకు నచ్చింది ఆ చివరి అంకే. పదేళ్లుగా ఇండస్ట్రీని సలహా ఇవ్వమని అడుగుతూ వచ్చాం, జేబులోంచి డబ్బు తీయమని అడగడం మాత్రం తక్కువే. డబ్బు పెట్టినవాడు క్లాస్‌రూమ్‌లోకి తొంగిచూస్తాడు, హైదరాబాద్ నుంచి చిత్తూరు దాకా ఎక్కడైనా ఇదే రూలు. శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ పెట్టినప్పుడు కేంద్రం 50, రాష్ట్రం 35, ఇండస్ట్రీ 15 శాతం అని ముందే రాసుకున్నారు, అలా వాటాలు రాసి ఉన్న ఒప్పందాన్నే నేను ఒప్పందం అంటాను.

ప్రశ్న: మేడమ్, బీకాంలో ఇంటర్న్‌షిప్ కంపల్సరీ కదా. మా ఫ్రెండ్సంతా ఎవరికో డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చేసుకున్నారు. నేనొక్కదాన్నే తిరుగుతున్నాను, పిచ్చిదాన్నా?
– డిగ్రీ విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: పిచ్చిదానివి కాదమ్మా. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది పనితో పరిచయం అవుతుందని, కానీ ఊళ్లో ఉన్న కంపెనీల కంటే పిల్లలు పదింతలుంటే సర్టిఫికెట్ షాపులు పుట్టుకొస్తాయి, ఆ తప్పు పిల్లలది ఒక్కళ్లదే అనను, ముందు సీట్లు చూసుకోకుండా రూలు పెట్టినవాళ్లదీ ఉంది. అయినా నువ్వు కొనకు. బీకాం కదా, అనకాపల్లిలో బెల్లం మార్కెట్ ఉంది, ఏ కమీషన్ ఏజెంట్ దగ్గరో, జీఎస్టీ రిటర్న్‌లు వేసే ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరో కూర్చో. టాలీలో ఎంట్రీలు, ఈ-వే బిల్లు, టీడీఎస్, ఇవి రెండు నెలలు నిజంగా చేస్తే ఇంటర్వ్యూలో నీ ఫ్రెండ్స్ నోరు తెరవలేని చోట నువ్వు మాట్లాడగలవు. డిగ్రీ అయ్యాక పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్ కూడా ఉంది, 2024లో మొదలైనప్పుడు 21 నుంచి 24 ఏళ్ల మధ్యవాళ్లకి, పెద్ద కంపెనీల్లో ఏడాది, నెలకి రూ.5,000, చేరేటప్పుడు ఒకసారి రూ.6,000. డబ్బు తక్కువే, ఇంటి నుంచి వెళ్లొచ్చే దూరంలో దొరికితేనే లాభం.

ప్రశ్న: శ్రీసిటీలో ఒక కంపెనీకి ట్రైనీగా తీసుకుంటామన్నారు. హాస్టల్, బస్సు ఇస్తారంట. నైట్ షిఫ్ట్ ఉంటదని మా నాన్న వద్దంటున్నాడు. నాకు పోవాలని ఉంది. నేర్చుకునేది ఏమన్నా ఉంటుందా లేక ఊరికే చాకిరీనా?
– ఇంటర్ పాసైన అమ్మాయి, సూళ్లూరుపేట దగ్గర పల్లె

జవాబు: నీ ప్రశ్నలోనే సగం జవాబుంది తల్లీ. ట్రైనీ అన్న మాట ఎవరైనా వాడుకోవచ్చు, దానికి చట్టంలో పెద్ద బరువు లేదు, అప్రెంటిస్ అన్నదానికి ఉంది. కాబట్టి మొదట అడగాల్సింది నాకు ఇచ్చేది అప్రెంటిస్‌షిప్ కాంట్రాక్టా, కాంట్రాక్టర్ కింద ఉద్యోగమా అని. చట్టం ప్రకారం రిజిస్టరైన అప్రెంటిస్ అయితే రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య పని చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ పర్మిషన్ కావాలి, ఓవర్‌టైమ్ కూడా ఇష్టమొచ్చినట్టు చేయించకూడదు, దెబ్బ తగిలితే పరిహారం ఉంటుంది. చివర్లో పరీక్ష, సర్టిఫికెట్ ఉంటాయి. కాంట్రాక్టర్ కింద చేరితే జీతం కాస్త ఎక్కువ కనపడొచ్చు, పీఎఫ్ ఈఎస్ఐ ఉండాలి, కానీ నేర్పించే బాధ్యత ఎవరికీ లేదు.

శ్రీసిటీ 2008లో మొదలైంది, కార్లు, ఏసీలు, మెట్రో పెట్టెలు, చాక్లెట్లు, ఫోన్లు అన్నీ అక్కడ తయారవుతున్నాయి. ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లైన్లలో ఎక్కువగా ఆడపిల్లలే ఉంటారు. ఇంటర్ చదివి ఇంట్లో కూర్చునే బదులు వెళ్లడం తప్పేమీ కాదు, చేతిలో జీతం పడితే ఇంట్లో మాట చెల్లుతుంది, అది చిన్న విషయం కాదు. కానీ లైన్ మీద ఒకే స్క్రూ మూడేళ్లు బిగిస్తే మూడేళ్ల తర్వాత కూడా ఆ ఒక్క స్క్రూనే వస్తుంది. ఆర్నెల్లయ్యాక క్వాలిటీ, టెస్టింగ్, లైన్ లీడర్ వైపు మారనిస్తారా, పని చేస్తూ డిప్లొమానో డిగ్రీయో చదువుకోనిస్తారా అని అడుగు. నాన్నగారిని ఒక ఆదివారం తీసుకెళ్లి హాస్టల్ చూపించు, అక్కడున్న అమ్మాయిలతో మాట్లాడనివ్వు, ఆయన భయం నైట్ షిఫ్ట్ కంటే హాస్టల్ గురించే ఎక్కువ అయ్యుంటుంది.

ప్రశ్న: మా బిడ్డ ఇంటర్ అయింది. జర్మనీల చదువుకుంట జీతమిస్తరు అని ఒక ఏజెంట్ నాలుగు లక్షలడుగుతుండు. నిజమేనా అక్కా?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: జీతమిచ్చి నేర్పేది ఉందన్నది నిజం అక్కా, నాలుగు లక్షల సంగతే తేడాగా ఉంది. దాన్ని ఆస్‌బిల్డుంగ్ అంటారు. రెండేళ్ల నుంచి మూడున్నరేళ్లు, వారంలో ఒకటి రెండు రోజులు స్కూల్లో, మిగతా రోజులు కంపెనీలో. దీనికి 1969 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, చాలా ట్రేడ్‌లలో చివరి పరీక్ష పెట్టేది కాలేజీ కాదు, ఆ ప్రాంతంలో వ్యాపారులంతా తప్పనిసరిగా మెంబర్లుగా ఉండే ఛాంబర్. పైన ఆటోనగర్ సార్ బాధకి వాళ్లు కనిపెట్టిన మందు అదే. 2025లో చేరినవాళ్లకి మొదటి ఏడు కనీస స్టైపెండ్ నెలకి 682 యూరోలు, నర్సింగ్ లాంటివాటిలో ఇంకా ఎక్కువిస్తారు. కానీ అక్కడి అద్దెలకీ తిండికీ 682 చాలదు, వీసా ఇచ్చేటప్పుడు తేడా డబ్బు చూపించమంటారు.

అసలు అడ్డం భాష. జర్మన్ కనీసం బీ1 లెవెల్ రావాలి, నర్సింగ్‌కి మామూలుగా బీ2 అడుగుతారు, అది గట్టిగా కూర్చుని చదివినా చాలా నెలల పని. ఆ పరీక్ష ఏజెంట్ రాయడు, బిడ్డే రాయాలి. వరస ఇలా ఉండాలి, ముందు భాష, తర్వాత జర్మనీ కంపెనీతో వీడియో ఇంటర్వ్యూ, తర్వాత కంపెనీ పేరూ స్టైపెండూ రాసున్న కాంట్రాక్టు, ఆ తర్వాతే వీసా. కాంట్రాక్టు కంటికి కనపడకముందు డబ్బడిగితే ఇవ్వకండి. విదేశీ ఉద్యోగానికి పంపే రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగల సర్వీస్ ఛార్జే గరిష్ఠంగా రూ.30,000, పైన జీఎస్టీ, ఏజెంట్ రిజిస్టరైనవాడా కాదా అన్నది ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ అని సంస్థ ఉంది, జర్మనీకి పంపే ప్రోగ్రామ్‌లు నడుపుతుంది, ముందు అక్కడ కనుక్కోండి.

ప్రశ్న: అప్రెంటిస్‌కి ఎక్కడ అప్లై చేయాలి? వయసు ఎంతుండాలి?
– చాలామంది

జవాబు: ఐటీఐ, టెన్త్, ఇంటర్ వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో, డిప్లొమా, డిగ్రీ, బీటెక్ వాళ్లు కేంద్రానిదే ఇంకోటి, నాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి. చట్టంలో కనీస వయసు 14, ప్రమాదకరమైన పరిశ్రమల్లో 18. ఆధార్‌కి లింకైన బ్యాంక్ అకౌంట్ ఉండాలి, పేరు టెన్త్ మెమోలో ఎలా ఉందో ఆధార్‌లోనూ అలాగే ఉండేట్టు ముందే సరిచేయించుకోండి, లేకపోతే స్టైపెండ్ అక్కడే ఆగుతుంది. రైల్వే, సింగరేణి, బీహెచ్ఈఎల్, విశాఖ స్టీల్ లాంటివి విడిగా నోటిఫికేషన్ ఇస్తాయి. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకి లెవెల్-1 (పాత గ్రూప్-డి) పోస్టుల్లో 20 శాతం కోటా కూడా ఉంది, దరఖాస్తు చేసేటప్పుడు ఆ కాలమ్ నింపడం మర్చిపోకండి.